ఈలక్క నొప్పికి తీసిన ఫోటో

ఆ డిపోలో ఆమె అసలు పేరు హాజరు వేసేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ వినపడదు. డ్రైవర్లకీ, మెకానిక్కులకీ, రోజూ ఎక్కే ప్రయాణికులకీ ఆమె ఈలక్క. సిటీ బస్సులో కండక్టరు. కుడివైపు దవడ పళ్ళ మధ్య ఈల బిగించి పట్టుకుని, రెండు చేతులతో టిక్కెట్లు ఇస్తూ, మోచేత్తో జనాన్ని సర్దుతూ, ఈల నోట్లోంచి తియ్యకుండానే "ముందుకు జరగండి, ముందంతా ఖాళీయే" అని అరవగలిగిన మనిషి ఆ డిపో మొత్తానికి ఆవిడొక్కతే. ఈలక్క ఈల వేస్తే ఆమె బస్సుతో పాటు పక్కనున్న బస్సు కూడా కదిలిపోతుందని డ్రైవర్లు నవ్వుకునేవాళ్ళు.

నోరున్న మనిషి కూడా. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి పట్టుకుని, "లోపలికి రా నాయనా, నువ్వు పడితే నీకేం, పడుకుంటావు. మీ ఇంటికొచ్చి చెప్పాల్సింది నేను" అనేది. ఎవరైనా ఆడపిల్ల వెనక కావాలని నిలబడ్డాడంటే ఇక వాడి పని అయిపోయినట్టే. అలాంటి ఒక పెద్దమనిషిని ఒకసారి నడిబస్సులో నిలబెట్టి కడిగేసింది. అతను తిన్నగా డిపోకి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాడు. మేనేజరు ఆమెను పిలిచి, యూనిఫాం ఒంటిమీద ఉన్నంతసేపు ప్రయాణికుడు ఏమన్నా తిరిగి ఒక్క మాట అనకూడదనీ, మళ్ళీ ఫిర్యాదు వస్తే ఊరుకునేది లేదనీ చెప్పాడు.

ఆ రోజు నుంచి ఈలక్క మాటలు మింగడం మొదలుపెట్టింది. ఎవడైనా నోరు పారేసుకుంటే ఈలను పళ్ళతో గట్టిగా కొరికి పట్టి, కిటికీలోంచి బయటికి చూసేది. షిఫ్టు దిగేసరికి ఈల మీద పళ్ళ గాట్లు కనపడేవి.

మొదట ఆవలించినప్పుడల్లా కుడిచెవి ముందు టక్‌మని చప్పుడు. తర్వాత పొద్దున్నే లేచేసరికి రాత్రంతా రాళ్ళు నమిలినట్టు దవడ బిగుసుకుపోయి ఉండేది. ఆ తర్వాత నొప్పి కణతకి పాకింది, చెవిలోకి దిగింది. అయినా ఆమె లెక్కచెయ్యలేదు. కండక్టరు ఉద్యోగంలో ఎవరికి ఏ నొప్పి లేదు కనక? నడ్డినొప్పి ఉన్నవాళ్ళున్నారు, మోకాళ్ళు అరిగినవాళ్ళున్నారు.

ఒకరోజు పొద్దున మార్కెట్ స్టాపులో బస్సు కిక్కిరిసిపోయింది. ఈలక్క ఈల వేసి, దాన్ని నోట్లోంచి తీసి, తర్వాతి స్టాపు పేరు కేకెయ్యబోయింది. నోరు తెరుచుకోలేదు. ఒక్క వేలు పట్టేంత సందు వచ్చి అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. ఇన్నాళ్ళూ వినపడిన టక్కు కూడా వినపడలేదు. గడియ పడిన తలుపుని తోస్తున్నట్టుంది, అంతే.

"ఏంటక్కా, పళ్ళ మధ్యనుంచి మాట్లాడుతున్నావ్? మా మీద అలిగావా?" అన్నాడు రోజూ ఎక్కే పూలకొట్టు ఆయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఈలక్క కూడా నవ్వబోయింది. నవ్వడానికి కూడా నోరు కావాలి కదా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ బస్సు ఆపలేదు. చేత్తో సైగలు చేస్తూ, వేళ్ళతో స్టాపులు చూపిస్తూ ఆ ట్రిప్పు పూర్తిచేసే దిగింది. డ్రైవరు ముసలాయన, అందరూ బాబాయ్ అంటారు. ఆయన ఇంజను ఆపి వెనక్కి తిరిగి, "నువ్వింత నిశ్శబ్దంగా ఉంటే నాకు బండి నడపడానికే భయమేసిందే" అన్నాడు.

ఇంట్లో అత్త గుమ్మంలోనే కనిపెట్టేసింది. ఆవిడకి పళ్ళు ఊడిపోయి చాలా ఏళ్ళయింది, కట్టుడు పళ్ళు పెట్టించుకోమంటే ఒప్పుకోదు. కోడలు కంచం ముందు కూర్చుని ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేక అవస్థపడుతుంటే చూసి, కంచం లాక్కుని, "ఒరేయ్, ఇంకో గిన్నెలో జావ కాయరా! ఇవాల్టినుంచి ఈ ఇంట్లో బోసినోటి వాళ్ళం ఇద్దరం" అని కొడుకుని కేకేసింది. ఆమె కొడుకు, అంటే ఈలక్క మొగుడు, ఆసుపత్రి క్యాంటీన్లో వంటవాడు. మాట తక్కువ, చేతిపని ఎక్కువ. ఏమీ అడగకుండా జావ కాచి, చల్లార్చి, చెంచా పట్టేంత నోరు కూడా లేదని చూసి స్ట్రా వెతికి తెచ్చాడు.

ఇక ఆసుపత్రుల చుట్టూ తిరుగుడు మొదలైంది. వీధి చివర పళ్ళ డాక్టరు కాస్త సందులోంచే టార్చి వేసి చూసి, చివరి పన్ను పుచ్చింది, అదే కారణమన్నాడు. మత్తిచ్చి, నానా తంటాలు పడి పీకేశాడు. పన్ను పోయింది, నొప్పి ఉండిపోయింది. ఆ తర్వాత డిపో డాక్టరు. ఆయన బల్ల అవతల కూర్చునే ఎక్స్‌రే రాశాడు, వచ్చిన ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఎముక శుభ్రంగా ఉందమ్మా. మీకేం లేదు. మనసు ప్రశాంతంగా ఉంచుకోండి, అదే తగ్గుతుంది."

"మనసుకి నొప్పి లేదు సార్. ఇక్కడ ఉంది" అని ఈలక్క పళ్ళ మధ్యనుంచి అంటూ చెవి ముందు వేలు పెట్టి చూపించింది. ఆయన అప్పటికే తర్వాతి మనిషిని పిలిచాడు.

డాక్టరు ఏమీ లేదన్నాక మేనేజరుకి ఇంకేం కావాలి? ఆమె సెలవులన్నీ అనుమతి లేని గైరుహాజరీ అయ్యాయి. పిలిచి కూర్చోబెట్టాడు, నవ్వుతూనే మాట్లాడాడు. "నోరు ఎక్కువగా వాడేవాళ్ళకి నోటినొప్పి రావడం మామూలే. రేపట్నుంచి బస్సెక్కండి. లేదూ, నోరు పనిచెయ్యదంటారా, బస్సులు కడిగే షెడ్డులో ఖాళీ ఉంది. అక్కడ మాట్లాడక్కర్లేదు."

షెడ్డు పని తక్కువదని కాదు. ఆ షెడ్డులో పనిచేసేవాళ్ళు ఆమెకి అన్నదమ్ముల్లాంటివాళ్ళు. కానీ అబద్ధమాడి తప్పించుకున్నదాన్ని శిక్షించి పంపినట్టు పంపితే వెళ్ళడానికి ఆమె సిద్ధంగా లేదు. "నాకు జబ్బుంది సార్. అది ఉందని మీరు రాసేదాకా నేను బస్సూ ఎక్కను, షెడ్డుకీ వెళ్ళను" అంది.

"మరి చూపించండి జబ్బు" అన్నాడు మేనేజరు.

ఆ మాట ఆమెకి ముల్లులా దిగింది. విరిగిన చెయ్యైతే కట్టు చూపించొచ్చు. తెగిన వేలైతే రక్తం చూపించొచ్చు. దవడ లోపలి నొప్పిని ఎవరికెలా చూపిస్తారు?

దారి చూపించింది చెవి డాక్టరు. చెవిలో పోటు అని ఆయన దగ్గరికి వెళ్తే, చూసి, "చెవి బాగుంది. ఇది నా పని కాదమ్మా. చెవికి ముందు దవడ కీలు ఉంటుంది, గోల అక్కడుందనిపిస్తోంది. పళ్ళ కాలేజీ ఆసుపత్రికి వెళ్ళండి, కీళ్ళ సంగతి చూసే డాక్టరమ్మ ఒకామె ఉంది" అన్నాడు. తనకి తెలియనిది తెలియదని చెప్పిన మొదటి మనిషి ఆయనే. ఈలక్క లేచి నిలబడి దండం పెట్టింది.

పళ్ళ కాలేజీ డాక్టరమ్మ సన్నగా, పొడుగ్గా, నవ్వు ముఖం లేకుండా ఉంది. ముందు చేసిన పని చేతులు కడుక్కుని వచ్చి ఈలక్క రెండు చెవుల ముందూ రెండేసి వేళ్ళు ఆన్చడం. తెరవమంది, మూయమంది, పక్కకి జరపమంది. బుగ్గల మీద, కణతల మీద, మెడ మీద నొక్కి ఎక్కడెక్కడ నొప్పో అడిగింది. చిన్న స్కేలు పెట్టి నోరెంత తెరుచుకుంటుందో కొలిచింది. ఈలక్కకి చెప్పలేనంత ఆశ్చర్యం. ఇంతమంది డాక్టర్లలో నొప్పి ఉన్న చోట చెయ్యి వేసింది ఈమే.

"కీలు మధ్యలో దిండులాగా ఒక మెత్తటి పొర ఉంటుంది. అది ముందుకి జారిపోయి ఉండొచ్చు. పైగా మీరు పళ్ళు బాగా బిగిస్తారు, కండరాలు రాయిలా ఉన్నాయి. ఎమ్మారై స్కాన్ తీస్తే తేలుతుంది, కానీ దానికి చాలామంది వరసలో ఉన్నారు. ఈలోగా మా దగ్గర థర్మల్ కెమెరా ఉంది, దానితో చూద్దాం" అంది డాక్టరమ్మ.

"అదేంటమ్మా?"

"ఒంట్లోంచి బయటికొచ్చే వేడిని ఫోటో తీస్తుంది. మీ మీదికి ఏ కిరణాలూ రావు, ఎక్కడా తాకదు. మామూలుగా ముఖం కుడివైపూ ఎడమవైపూ వేడి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒకవైపు కీలు వాచినా, కండరం తేడా చేసినా ఆ పోలిక చెదురుతుంది. వచ్చేటప్పుడు ముఖానికి ఏమీ రాసుకోకండి. టీ, కాఫీ తాగకండి. ఎండలో పడి పరిగెత్తుకు రాకండి."

నొప్పికి ఫోటో! ఈలక్కకి ఆ మాట ఒక్కటే చెవిలో నిలిచింది. మిగతావన్నీ ఈ చెవిలో దూరి ఆ చెవిలోంచి పోయాయి.

రమ్మన్న రోజు పొద్దున్నే నొప్పి విపరీతంగా ఉంది. అత్త వేడినీళ్ళ సంచి తెచ్చి బుగ్గకి ఆనించి, పైన మందు రుద్దింది. బస్సు ఒకటి తప్పిపోయి, ఎండలో గబగబా నడిచి, చెమటలు కక్కుతూ ఆసుపత్రి చేరింది. కెమెరా గదిలో కూర్చోబెట్టి, జుట్టు వెనక్కి కట్టించి, కమ్మలు తీయించి, డాక్టరమ్మ ఫోటో తీసింది. తెర మీద రంగుల ముఖం ఒకటి తేలింది. ముక్కు నీలంగా, నుదురు పసుపుగా, కుడిబుగ్గ మొత్తం కణకణలాడే నిప్పులా.

"చూశారా! చూశారా!" ఈలక్క కుర్చీలోంచి లేచిపోయింది. "ఇది నాకివ్వండమ్మా. ఆ మేనేజరు ముఖాన కొడతాను. జబ్బు చూపించమన్నాడుగా, చూసుకోమంటాను!"

డాక్టరమ్మ తెరని కాసేపు చూసింది. తర్వాత తిరిగి, "పొద్దున కాపడం పెట్టుకున్నారా?" అంది.

"పెట్టుకున్నాను. చచ్చిపోయే నొప్పి."

"మందు?"

"రుద్దింది మా అత్త."

"అయితే ఇది మీ నొప్పి ఫోటో కాదు. వేడినీళ్ళ సంచి ఫోటో." డాక్టరమ్మ ఒక మీట నొక్కింది. తెర మీది ముఖం మాయమైంది.

ఈలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను మోసం చేశానంటారా?"

"అనట్లేదు. మోసం చేసినా చెయ్యకపోయినా ఈ ఫోటో పనికిరాదంటున్నాను."

"మీకు పనికిరాకపోతే పోయింది, నాకు పనికొచ్చేది కదా! నొప్పి ఉందా లేదా? మీరే చెయ్యి పెట్టి చూశారు, ఉందన్నారు. మరి ఆ ఫోటో ఉంటే ఏం పోయేది?"

"రేపెవరైనా నన్ను అడిగితే నేను అబద్ధం చెప్పాలి. నేను చెప్పను. ఒక్క తప్పు ఫోటో చాలు, మీరు చెప్పే నిజాలన్నీ కొట్టుకుపోవడానికి." డాక్టరమ్మ గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "మళ్ళీ రండి. నేను చెప్పినట్టు రండి."

"రాను!" అని ఈలక్క కమ్మలు గుప్పిట్లో పట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి అంతా చెబితే మొగుడు జావ గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. అత్త మాత్రం బోసినోరు చప్పరిస్తూ, "ఆ పిల్లెవరో నీలాగే ఉందే" అంది. "నువ్వైతే టిక్కెట్టు లేనివాణ్ణి తెలిసినవాడు కదా అని వదులుతావా? నీ మొగుణ్ణే ఒకసారి దింపేశావుగా బస్సులోంచి!"

ఈలక్కకి కోపం తగ్గడానికి ఇంకొంత టైము పట్టింది. కానీ అత్త మాట కాదనడానికి లేదు. ఆ తర్వాతి వారం కాపడం లేకుండా, మందు లేకుండా, పళ్ళు బిగించి, అంటే బిగించకుండానే నొప్పి ఓర్చుకుని, నీడపట్టున నెమ్మదిగా నడిచి వెళ్ళింది. డాక్టరమ్మ ఆమెను చూసి, "వచ్చారా" అని మాత్రం అంది.

ఈసారి ముందు గదిలో ఊరికే కూర్చోబెట్టారు. కిటికీలు మూసి ఉన్నాయి, ఫ్యాను ఆపేశారు, గది ఒకే చల్లదనంలో ఉంది. ఒంట్లో బయటి ఎండ వేడి సద్దుమణగాలట. చెయ్యి ముఖం మీద వెయ్యకూడదు, ఏమీ నమలకూడదు. ఎప్పుడూ బస్సు హోరులో బతికే మనిషికి అంత నిశ్శబ్దంలో కూర్చోవడం శిక్షలాగే ఉంది. ఆ కూర్చోవడంలోనే ఆమె ఒక సంగతి గమనించింది. మేనేజరు గుర్తొచ్చినప్పుడల్లా తన పైపళ్ళూ కిందిపళ్ళూ వాటంతటవే కలుసుకుని బిగుసుకుంటున్నాయి. ఎవరూ చెప్పకుండానే.

ముందునుంచి ఒకటి, కుడినుంచి ఒకటి, ఎడమనుంచి ఒకటి తీశారు. తెర మీద ముఖం మళ్ళీ వచ్చింది. ఈసారి నిప్పు లేదు. రెండు బుగ్గలూ దాదాపు ఒకే ఆకుపచ్చ. కుడిచెవికి ముందు మాత్రం గోరంత ఎర్రటి మచ్చ, దాని కింద దవడ మూలదాకా పలచటి పసుపుచార. ఎడమవైపు ఆ చోట ఏమీ లేదు.

"ఇంతేనా?" అంది ఈలక్క. "ఇంత నొప్పికి ఇంతేనా మచ్చ?"

"నొప్పి ఎంతుందో కొలిచే సాధనం కాదమ్మా ఇది. ఎక్కడ వెతకాలో చెబుతుంది, అంతే. నా వేళ్ళకి తగిలిన చోటూ, మీరు చూపించిన చోటూ, ఈ మచ్చా ఒకటే. అది చిన్న విషయం కాదు."

ఈలక్క తెర దగ్గరికి వెళ్ళింది. వేలు తెరకి ఆనించకుండా మచ్చ ముందు పెట్టి చూసింది. తర్వాత అదే వేలు తన చెవి ముందు పెట్టుకుంది. "ఇక్కడే. ఇక్కడే అని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను" అంది. ఆ తర్వాత పన్ను పీకిన చోటు కోసం వెతికింది. అక్కడ ఏ రంగూ లేదు, అవతలివైపులాగే ఉంది. "అన్యాయంగా పీకేశాడన్నమాట" అంది. "పోయిన పన్ను గురించి ఈ ఫోటో ఏమీ చెప్పలేదు" అంది డాక్టరమ్మ, ఒక్క మెట్టు కూడా దిగకుండా.

గైరుహాజరీ సంగతి తేల్చడానికి డిపో ఆఫీసులో విచారణ పెట్టారు. బల్ల వెనక మేనేజరు, డిపో డాక్టరు, పై ఆఫీసు నుంచి వచ్చిన నెరిసిన జుట్టు పెద్ద డాక్టరు. ఈలక్క ఒంటరిగానే వెళ్ళాల్సొస్తుందనుకుంది. గుమ్మం దగ్గర పళ్ళ కాలేజీ డాక్టరమ్మ నిలబడి ఉంది. "రిపోర్టు రాసింది నేను. అడిగితే చెప్పాల్సింది నేనే కదా" అంది.

డిపో డాక్టరు ఫోటో చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఈ రంగుల బొమ్మలు ఎవరికైనా వస్తాయి సార్. బుగ్గకి కాస్త కాపడం పెట్టుకుని కెమెరా ముందు కూర్చుంటే ఎర్రగానే వస్తుంది."

ఈలక్క చెయ్యి దానంతటదే కుడిబుగ్గ మీదికి వెళ్ళింది.

"నిజమే. మొదటిసారి అలాగే వచ్చింది" అంది డాక్టరమ్మ. "ఆమె కాపడం పెట్టుకొచ్చారు, అడిగితే దాచకుండా చెప్పారు. ఆ ఫోటో చెరిపేశాం. రిపోర్టులో రాశాను చూడండి. మీ చేతిలో ఉన్నది గదిలో కూర్చోబెట్టి, ఒళ్ళు చల్లబడ్డాక తీసింది."

పెద్ద డాక్టరు కళ్ళజోడు సర్దుకుని రిపోర్టు చదివాడు. "సరే. ఈ ఫోటో ఒక్కదానితో జబ్బు తేలుతుందా?"

"తేలదండి."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి చిన్నగా నవ్వాడు. ఈలక్క డాక్టరమ్మ వైపు నమ్మలేనట్టు చూసింది.

"చర్మం మీద వేడి చాలా కారణాలతో మారుతుంది. ఇది ఒక సాక్ష్యం మాత్రమే" అంది డాక్టరమ్మ. "మరి ఎందుకు తెచ్చారు?" అన్నాడు పెద్ద డాక్టరు.

"చెయ్యి ఎక్కడ పెట్టి చూడాలో చెబుతుందని."

ఇక ఈలక్క ఆగలేకపోయింది. లేచి నిలబడింది. నోరు ఒక్క వేలు సందే, అయినా మాట మాత్రం గది అవతలి గోడకి తగిలింది. "డాక్టరు గారూ, మీ గదికి ఎన్నిసార్లు వచ్చాను! మీరు నా ఎక్స్‌రే చూశారు, నన్ను చూశారా? ఒక్కసారైనా ఇక్కడ చెయ్యి పెట్టారా? నాకేం లేదని రాసిన చెయ్యి, నన్ను తాకకుండానే రాసింది. నాకు ఆ ఫోటో అక్కర్లేదు సార్. చింపి పారెయ్యండి. మీ ముగ్గురిలో ఎవరో ఒకరు వచ్చి చూడండి. చూసి ఏమీ లేదంటే ఇప్పుడే వెళ్ళి షెడ్డులో పైపు పట్టుకుంటాను."

"కూర్చోండి! ఇది బస్సనుకున్నారా?" అన్నాడు మేనేజరు.

"బస్సైతే మిమ్మల్ని ఎప్పుడో దింపేసేదాన్ని" అంది ఈలక్క.

ఎవరో గుమ్మం బయట కిసుక్కున నవ్వారు. బాబాయే అయ్యుంటాడు. పెద్ద డాక్టరు మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఈలక్క రెండు చెవుల ముందూ వేళ్ళు ఆన్చాడు. "తెరవండి. నెమ్మదిగా. మళ్ళీ." "ఎడమ కీలు జరుగుతోంది. కుడిది జరగట్లేదు. గడ్డం కుడివైపుకి లాక్కుపోతోంది" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత డిపో డాక్టరుని పిలిచి, "మీరూ పెట్టి చూడండి" అన్నాడు. డిపో డాక్టరు వచ్చాడు. చూశాడు. తన కుర్చీలోకి వెళ్ళాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అది చూడడానికి ఏ కెమెరా అక్కర్లేదు.

పెద్ద డాక్టరు ఆ రోజు ఏదీ తేల్చలేదు. ఎమ్మారై అయ్యేదాకా ఆమె జీతం, హోదా ఏమీ కదిలించకూడదని రాశాడు, వరసలో తొందరగా చోటిప్పించాడు. ఎమ్మారైలో కుడికీలు పొర ముందుకి జారి ఉన్నట్టు, చుట్టూ వాపు ఉన్నట్టు స్పష్టంగా వచ్చింది. గైరుహాజరీలన్నీ జబ్బు సెలవులుగా మారాయి.

వైద్యం మాత్రం ఫోటో తీసినంత సులువుగా జరగలేదు. నెలల తరబడి పట్టింది. పడుకునేటప్పుడు పళ్ళకి తొడుక్కునే తొడుగు, పొద్దునా సాయంత్రం దవడకి వ్యాయామం, మెత్తటి తిండి, ఈల జోలికి పోవద్దని గట్టి ఆజ్ఞ. "పెదాలు కలిపి ఉంచండి, పళ్ళు మాత్రం కలవనివ్వకండి" అంది డాక్టరమ్మ.

"అంటే మీరు కూడా నోరు మూసుకోమంటారు."

"మూసుకోమంటున్నాను, బిగించుకోవద్దంటున్నాను. అసలు ఎప్పుడు బిగిస్తారు మీరు?"

ఈలక్క దవడ మీద వేలు పెట్టుకుంది. "అనాల్సినది అననప్పుడు" అంది.

"అయితే అనండి" అంది డాక్టరమ్మ. ఆమె నవ్వగా ఈలక్క మొదటిసారి అప్పుడే చూసింది.

ఇంట్లో కాపలా పని అత్త తీసుకుంది. కోడలు టీవీ చూస్తున్నా, గిన్నెలు తోముతున్నా, దవడ కాస్త కదిలితే చాలు, "పళ్ళు!" అని గావుకేక పెట్టేది. పక్కింటివాళ్ళు అత్తాకోడళ్ళు మళ్ళీ మొదలెట్టారనుకునేవాళ్ళు. నోరు రెండు వేళ్ళ సందు తెరుచుకున్న రోజు ముసలావిడ ఎదురు కూర్చుని తన వేళ్ళతో తనే కొలిచింది. మూడో వేలు పట్టడానికి ఇంకా చాలాకాలం పట్టింది, అదీ బిగుతుగానే. చలిగాలి తగిలితే ఇప్పటికీ కీలు పట్టేస్తుంది. చివరిసారి తీసిన ఫోటోలో మచ్చ పలచబడింది కానీ పూర్తిగా పోలేదు. "ఉండనీండి. మచ్చ లేకపోతే మళ్ళీ నన్నెవరూ నమ్మరు" అంది ఈలక్క. "మచ్చ లేకపోయినా నొప్పుంటే నమ్మాలి" అంది డాక్టరమ్మ.

ఉద్యోగంలో మళ్ళీ చేరే రోజు మేనేజరు ఒక కాగితం ముందుకి తోశాడు. ఇకమీద దవడ గురించి ఏ ఫిర్యాదూ చెయ్యనని రాసి ఉంది. సంతకం పెడితే ఆమె బస్సులో డ్రైవరుకి వినపడేలా గంట పెట్టిస్తానన్నాడు, ఈల అక్కర్లేకుండా.

"నా ఒక్క బస్సుకేనా?"

"మీకే కదా జబ్బు."

"ఈ డిపోలో ఇంకెంతమంది పళ్ళతో ఈల కొరుకుతున్నారో మీకు తెలుసా? నాకు తెలుసు. పెడితే అన్ని బస్సులకీ పెట్టండి. లేకపోతే నాకూ వద్దు." కాగితాన్ని అలాగే వెనక్కి తోసేసింది. "సంతకం కూడా అన్ని బస్సులకీ గంటలు వచ్చాక అడగండి. అప్పుడు కూడా పెట్టను."

అన్ని బస్సులకీ గంటలు ఇంకా రాలేదు. ప్రతి నెలా మీటింగులో ఈలక్క లేచి అడుగుతుంది, చూద్దామంటారు. కొంతమంది కండక్టర్లు మాత్రం ఈలలు జేబులో పెట్టేసి ఆమెతో పాటు లేచి నిలబడుతున్నారు. ఈలోగా ఆమె ఏ ట్రిప్పుకి బయలుదేరినా, బండి గేటు దాటే ముందు, సరిగ్గా మేనేజరు కిటికీ కింద, ఈలకి బదులుగా బస్సు రేకు మీద అరచేత్తో దబ్ దబ్‌మని రెండు చరుపులు చరుస్తుంది. అద్దాలు అదురుతాయి. బాబాయ్ గేరు వేస్తాడు. ఈలక్క నోరు బాగా తెరిచి, "ముందుకు జరగండి!" అని కేకేస్తుంది.